బొడ్లో దోపిన రేడియం

ఏలూరు,
1937 ఫిబ్రవరి.

మరదలు గంగారత్నానికి వదిన బుల్లెమ్మ దీవెనలు.

రత్నం, ఉత్తరం చూసి కంగారుపడకు. గుడివాకలంకలో నేను మాట్లాడితే తాడేపల్లిగూడెంలో మీకు వినపడుతుందని, నాకు కాగితంతో పనేమిటని నువ్వే ఎగతాళి చేస్తావు. ఇప్పుడు పని పడింది. దేవసహాయం మాస్టారి బడిలో నేర్చిన నాలుగక్షరాలు ఇన్నేళ్లకు బయటికి తీస్తున్నాను, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నా అంగిట్లో పుండు సంగతి నీకు తెలుసు. దసరాకి మీ ఇంట్లో పులుసు తిని నోరు పట్టుకుంటే, తాంబూలంలో సున్నం ఎక్కువై పొక్కిందన్నావు. నేనూ అలాగే అనుకుని సున్నం మానేశాను, తాంబూలం మానేశాను, నెయ్యి రాశాను. అది తగ్గకపోగా పెద్దదైంది. కిందటి నెల చేపల బుట్టలు రైలుకి వేయడానికి ఏలూరు వచ్చినప్పుడు, తివాచీలు నేయించే అబ్దుల్ సలాం గారికి ఎప్పటిలాగే కొర్రమీనులు ఇచ్చాను. ఆయన అడిగిన ధరకి మారు మాట్లాడకుండా ఇచ్చేసరికి, ఈవిడకి ఏదో పెద్ద జబ్బే చేసిందని ఆయన కనిపెట్టేశారు. ఆయనే నన్ను మిషను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, పుండులోంచి చిన్న ముక్క గిల్లి మద్రాసు పంపింది. నిన్న జవాబు వచ్చింది. మనవాళ్లు రాచపుండు అంటారే, అదేనట.

"నేను పోతానా అమ్మా?" అని అడిగాను.

"ఊరుకుంటే పోతారండి. చిన్నగా ఉండగానే వచ్చారు కాబట్టి, మద్రాసు వెళితే బతకడానికే ఎక్కువ వీలుంది," అంది.

నాకు భయం లేదంటే అబద్ధం. సలాం గారి అరుగు మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. తరవాత ఆకలేసింది. అన్నం తిని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మద్రాసులో రేడియం అని ఒకటుందట. అది ఒక లోహం. దానిలోంచి మన కంటికి కనపడని వెలుగు వస్తుందట. ఆ వెలుగు చెడ్డ కండను చంపుతుందట. కత్తితో కోయనక్కర్లేదన్నారు. నీ మొగుడు ముత్యాలరావును నాతో పంపు. నన్ను దింపేసి వచ్చేస్తాడు. మొండి మనిషి అక్కయ్యని అక్కడ ఒప్పచెప్పాక వాడు ఉండి చేసేదేమీ లేదు.

నీ వదిన,
బుల్లెమ్మ.


తాడేపల్లిగూడెం,
1937 మార్చి.

పూజ్యులైన వదినగారికి గంగారత్నం నమస్కారాలు.

మీ తమ్ముడు నిన్న మెయిలులో దిగారండి. మిమ్మల్ని ఆసుపత్రిలో వదిలిపెట్టి వస్తుంటే మీరు ఆయన్ని ఓదార్చారట. ఆయన ఏడ్చిన సంగతి ఆయన చెప్పలేదు, మూటలో తడిసిన కండువా చెప్పింది.

ఇక్కడ మన బజారులో అందరూ వైద్యులైపోయారు. రేడియం తిన్నవాళ్లకి చీకట్లో పళ్లు మెరుస్తాయని మిల్లు గుమాస్తా చెప్పాడు. మీరు వచ్చాక కొల్లేట్లో దోనె మీద నోరు తెరుచుకుని కూర్చుంటే చేపలు వాటంతటవే వచ్చి పడతాయని, ఇక వలల ఖర్చు ఉండదని మీ తమ్ముడు లెక్క వేస్తున్నారు. నేను మాత్రం మీరు నోరు మూసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందోనని ఊహించుకోలేక వదిలేశాను.

సలాం గారు తివాచీలు ఓడకి వేయడానికి మద్రాసు వస్తున్నారు. ఆయనతో ఒక చిన్న మూట పంపుతున్నాను. పైన ఎండు రొయ్యలున్నాయి. కింద ఉన్నవేమిటో మీకు చెప్పనక్కర్లేదు. లంక పొగాకు తెచ్చి నేనే చుట్టాను. ఆ పెద్ద ఊళ్లో మీకు అవి లేకపోతే దిగులు పడతారని నాకు తెలుసు. అత్తగారు మనిద్దరికీ ఇచ్చిన ఆస్తి అదొక్కటేగా. నర్సు చూడకుండా కాల్చుకోండి. నిప్పు నోట్లోనే ఉంటుంది కాబట్టి దూరం నుంచి ఎవరికీ తెలియదు.

పుండు ఎలా ఉందో రాయండి. తక్కినదంతా తరవాత.

మీ మరదలు,
గంగారత్నం.


మద్రాసు,
1937 మార్చి.

రత్నానికి దీవెనలు.

నీ మూట చేరింది. రొయ్యలు నా దగ్గరికి వచ్చాయి. కిందవి డాక్టరు గారి బల్ల మీదికి వెళ్లాయి. ఆ కథ చివర చెబుతాను.

ఇక్కడ ఆడవాళ్ల వార్డులో నాకు కిటికీ పక్క మంచం ఇచ్చారు. నర్సు పుష్పలత మన ఏలూరు పిల్లే. నా మాటలకు ఈ వార్డులో నవ్వేది ఆ పిల్లొక్కతే, తక్కినవాళ్లకి తెలుగు రాదు. మొదటి రోజున డాక్టరు గారు వేడినీళ్లలో మెత్తబడిన లక్కలాంటి ముద్ద తెచ్చి నా అంగిటికి అదిమి అచ్చు తీశారు. దాన్ని బట్టి, కట్టుడు పళ్లకి ఉంటుందే, అలాంటి రేకు ఒకటి చేయించారు. దాని పై వైపున, సరిగ్గా పుండు తగిలే చోట, చిన్న చిన్న గొట్టాలు మైనంలో కూర్చారు. రేడియం ఆ గొట్టాల్లో ఉంది. నాలుక వైపు వెలుగు రాకుండా సీసం అడ్డం పెట్టారు. పొద్దున్నే పుష్పలత సీసపు పెట్టెలోంచి దాన్ని పొడుగు పట్టకారుతో తీసి నాకు ఇస్తుంది. నేను నోట్లో పెట్టుకోవాలి. అన్నం వేళకి ఆ పిల్లే తీస్తుంది. మళ్లీ పెడుతుంది. రాత్రికి పెట్టెలోకి పోతుంది.

అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. కదిలితే వెలుగు పుండు మీద కాక పక్కన పడుతుందట. రత్నం, మా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరూ కలిసి చేయలేని పనిని ఒక లక్క ముద్ద చేసింది. నువ్వు దగ్గరుండి చూడవలసింది. ఇప్పుడీ ఉత్తరం కూడా నోట్లో రేడియం పెట్టుకునే రాస్తున్నాను. ఇంత పొడుగు ఎందుకైందో అర్థమైందిగా.

నొప్పి లేదు. వేడి కూడా లేదు. చీకట్లో అద్దం తెచ్చుకుని చూసుకున్నాను, పళ్లు మెరవలేదు. మిల్లు గుమాస్తాకి చెప్పు.

ఇక నీ చుట్టల సంగతి. డాక్టరు గారు విశాఖపట్నం వైపు మనిషి. మొదటి రోజు నా నోరు చూడగానే, "అడ్డపొగ తాగుతారా అమ్మా?" అని అడిగారు. నేను అప్పుడే ఒప్పుకున్నాను, నీకే రాయలేదు. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని ముప్ఫై ఏళ్లు తాగితే అంగిలి కాలి కాలి ఇలాగే అవుతుందట. ఆ వైపు నుంచి వచ్చే ఆడవాళ్లలో ఈ పుండు ఆయన చాలా చూశారట. తప్పు సున్నానిది కాదు, రత్నం. కొల్లేటి గాలికి చుట్ట ఆరిపోకుండా మన ఆడవాళ్లు కనిపెట్టిన తెలివి ఇది.

నీకు ముందే ఎందుకు రాయలేదంటే, రాస్తే నేను మానేయాల్సి వస్తుందని. ఇప్పుడు మానేశాను. కాబట్టి నువ్వూ మానెయ్. నాతోపాటు తిట్టుకుంటూ మానేస్తే నాకు కాస్త తోడుగా ఉంటుంది.

నీ వదిన.


తాడేపల్లిగూడెం,
1937 ఏప్రిల్.

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఎండలు ముదిరాయి. చుట్ట మానేశానండి.

మా ఎదురింటావిడ ఒకామె కూడా అడ్డపొగ తాగుతుంది. ఆమెకి అంగిట్లో తెల్లగా మచ్చలా లేచి, మధ్యలో కొంచెం ఒరుసుకుపోయినట్టు ఉందట. నొప్పి లేదట, కారం తింటేనే మండుతుందట. మీ సంగతి విని భయపడుతోంది. ఆమె కొన్ని అడగమంది. ఆ ముక్క గిల్లేటప్పుడు బాగా నొప్పెడుతుందా? రేడియం పెట్టిన తరవాత అన్నం రుచి తెలుస్తుందా? మొహం ఏమైనా వికారంగా మారుతుందా? వీలైతే రాయండి. తొందరేమీ లేదు.

ఆమె పేరు అడక్కండి. ఎవరికీ చెప్పొద్దంది.

గంగారత్నం.


మద్రాసు,
1937 ఏప్రిల్.

రత్నానికి,

నీ ఉత్తరానికి జవాబు రాసేలోపల ఇక్కడ ఒక ఘనకార్యం చేశాను. ముందు అది విను.

పది రోజుల కిందట ఒక మధ్యాహ్నం అన్నం వచ్చింది. పుష్పలత వేరే మంచం దగ్గర ఉంది. నాకు ఆకలి. రేకు నేనే తీసేసి తిన్నాను. తిని పడుకున్నాను. లేచేసరికి పుష్పలత నా మంచం పక్కన మొహం పాలిపోయి నిలబడి ఉంది. రేకు లేదు. పెట్టెలో లేదు, పళ్లెంలో లేదు, పక్క కింద లేదు.

రేడియం అంటే అంతా ఇంతా విలువైంది కాదు. పైగా ఎవరి దగ్గరైనా ఉండిపోతే వాళ్లని కాలుస్తుంది. వార్డు తలుపులు మూశారు. పరుపులు దులిపారు. ఎంగిలి మెతుకులు పోసిన బాల్చీలు తిరగబోశారు. కాలవ దగ్గర ఇద్దరు కాపలా. నేనూ ఊరుకోలేదు, కొంగు బిగించి అందరికంటే ఎక్కువగా వెతికాను. పక్క మంచం ముసలావిడ దిండు కూడా విప్పాను.

చివరికి డాక్టరు గారు ఒక పెట్టె తెచ్చారు. దానికి గాజు కిటికీ ఉంటుంది. లోపల సన్నని బంగారు రేకు విడిగా లేచి నిలబడి ఉంటుంది. రేడియం దగ్గరికి వస్తే అది వాలిపోతుందట. ఆయన దాన్ని పట్టుకుని చూస్తూ మంచం తరవాత మంచం నడిచారు. బంగారు రేకు నిలబడే ఉంది. చెత్తబుట్ట దగ్గర నిలబడే ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి చచ్చినట్టు పడుకుంది.

"మీ నడుం దగ్గర ఏముందమ్మా?" అన్నారు ఆయన.

చెయ్యి పెట్టి చూసుకుంటే, రేడియం రేకు నా చీర బొడ్లో భద్రంగా ఉంది.

నీకు ఇంకా విడమర్చి చెప్పాలా? సగం కాలిన చుట్ట నోట్లోంచి తీసి అన్నానికి కూర్చునే ముందు నువ్వూ నేనూ ఎక్కడ పెడతాం? బొడ్లోనేగా. ముప్ఫై ఏళ్లుగా నోట్లోంచి తీసింది ఏదైనా నా చెయ్యి అక్కడికే తీసుకెళుతుంది. నాకు తెలియనే తెలియదు. పుష్పలత ఏడవాలో నవ్వాలో తెలియక మంచం మీద కూలబడింది. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. వారం గడిచాక నా నడుం మీద ఎర్రగా బిళ్లంత మచ్చ లేచింది, అప్పుడు చూపించి చెప్పారు. ఈ వెలుగు మంచి కండనీ కాలుస్తుంది, చెడ్డ కండనీ కాలుస్తుంది. మంచిది కోలుకుంటుంది, చెడ్డది కోలుకోలేదు. అందుకే గంటలు లెక్కపెట్టి ఇస్తారు, తగ్గితే పుండు చావదు, ఎక్కువైతే మనిషికే చేటు. నేను ఆ లెక్కని బొడ్లో దోపుకున్నానన్నమాట. పుష్పలతను ఎవరూ ఏమీ అనకుండా తప్పంతా నాదేనని నేను గట్టిగా చెప్పాను. గట్టిగా చెప్పడం నాకు వచ్చిన పనేగా.

ఇప్పుడు మీ ఎదురింటావిడకి జవాబులు. ముక్క గిల్లితే చీమ కుట్టినట్టుంటుంది. రేడియం పెట్టినన్నాళ్లూ ఏమీ తెలియదు, తీసేశాక కొన్నాళ్లు నోరంతా పూసి బాధపెడుతుంది, అన్నం అట్టముక్క నమిలినట్టు ఉంటుంది. నాకిప్పుడు అలాగే ఉంది. అది తగ్గే ముందు వచ్చేదేనట, భయపడకూడదట. మొహం మారదు. నాది మారితే మారనివ్వమన్నాను, బాగుపడదన్నారు.

రత్నం, మీ ఇంటికి నేను ఎన్నిసార్లు రాలేదు? మీ వీధి గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఉండేది బియ్యం మిల్లు గోడ. ఆ గోడకి తలుపు కూడా లేదు. ఎదురిల్లెక్కడిది, ఎదురింటావిడెక్కడిది?

నువ్వు నాకు అబద్ధం రాశావని కోపం లేదు. నువ్వు ఒక్కదానివే అద్దం పట్టుకుని నోరు తెరుచుకుని చూసుకుంటూ ఉంటావని తలుచుకుంటే నాకు ప్రాణం నిలవడం లేదు. నిజం రాయి.

వదిన.


తాడేపల్లిగూడెం,
1937 ఏప్రిల్.

వదినగారికి,

నేనేనండి.

కిందటి శ్రావణం నుంచీ ఉంది. దసరాకి మీరు నోరు పట్టుకున్నప్పుడే నాకూ మండింది. అందుకే సున్నమని అంత గట్టిగా అన్నాను, మీకు కాదు, నాకు చెప్పుకున్నాను. మీకు రాచపుండని తెలిశాక కూడా చెప్పలేదు. చెబితే మీరు వైద్యం మధ్యలో వదిలేసి నా కోసం రైలెక్కుతారు. మీ సంగతి నాకు తెలియదా? మీది పూర్తయ్యేదాకా ఆగుదామనుకున్నాను. ఆగలేక ఎదురింటావిడని పుట్టించాను. మిల్లు గోడ సంగతి మరిచిపోయాను.

మీ తమ్ముడికి తెలియదు. అక్కయ్య గురించే ఆయన సరిగా తినడం లేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకీ ఇదే అంటే ఎలా తట్టుకుంటారు?

మీ బొడ్లో రేడియం కథ చదివి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. తరవాత వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాకు చావాలని లేదు వదినగారూ.

గంగారత్నం.


మద్రాసు,
1937 ఏప్రిల్.

రత్నం,

నేను రైలెక్కను. నువ్వే ఎక్కు. నాకింకా నోరు పూత తగ్గలేదు కాబట్టి కొన్నాళ్లు ఇక్కడే ఉంచుతారు. నువ్వు వచ్చేదాకా ఉంటాను. డాక్టరు గారికి నీ సంగతంతా చెప్పాను. "ఒరుసుకుపోవడం మొదలైంది అంటున్నారు కాబట్టి ఆలస్యం చేయకండి, ఇంత తొందరగా ఎవరూ రారు," అన్నారు.

ముత్యాలరావుకి ఈ ఉత్తరం ఇచ్చి చదవమను. తమ్ముడూ, నువ్వు తట్టుకుంటావు. చిన్నప్పుడు దోనె తిరగబడితే నా జుట్టు పట్టుకుని గట్టుకి లాగినవాడివి నువ్వే. ఇప్పుడు నీ పెళ్లాన్ని టిక్కెట్టు కొని రైలెక్కించడమే నీ పని.

అక్క.


గుడివాకలంక,
1937 జూన్.

రత్నానికి దీవెనలు.

నువ్వు వచ్చిన మర్నాడే నన్ను పంపేశారు కాబట్టి మనం సరిగా మాట్లాడుకోనే లేదు. నిన్ను నా మంచం మీద కూర్చోబెట్టి వెనక్కి చూడకుండా వచ్చేశాను. చూస్తే రాలేను.

నిన్న ఏలూరులో డాక్టరమ్మకి చూపించుకున్నాను. అద్దం పెట్టి ఆ మూలా ఈ మూలా చూసి, పుండు మానిపోయిందని, మచ్చ మాత్రం మిగిలిందని చెప్పింది. మూడు నెలలకొకసారి రావాలట. సలాం గారితో కొర్రమీను ధర దగ్గర అరగంట పోట్లాడాను. ఆయన నేను అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చి, "ఇప్పుడు నాకు నమ్మకం కలిగిందమ్మా," అన్నారు.

పొద్దున్నే దోనె మీద వెళుతుంటే చెయ్యి బొడ్లోకి పోతుంది. అక్కడ ఏలకులు పెట్టుకున్నాను. ఒకటి తీసి నములుతాను. సుఖంగా ఏమీ లేదు, చిరాకుగా ఉంటుంది. అయినా పులుసు రుచి తెలుస్తోంది, అదే పదివేలు.

ముత్యాలరావు మీ ఇంట్లో వంట మొదలుపెట్టాడట. నువ్వు తొందరగా నయం చేసుకోవడానికి ఇంకొక కారణం దొరికింది. అక్కడ ఎలా ఉందో రాయి. ఈసారి ఎదురింటావిడ సంగతి కాదు, నీ సంగతి.

వదిన.


మద్రాసు,
1937 జూన్.

వదినగారికి నమస్కారాలు.

నోట్లో రేకు పెట్టుకునే ఇది రాస్తున్నాను, కాబట్టి పొడుగైతే మీరే కారణం.

నాదీ అదేనండి, కాని చాలా చిన్నదట. మీకంటే తక్కువ గంటలు చాలన్నారు. వెనకటిలా భయం లేదు. మీరు పడుకున్న మంచం, మీరు చూసిన కిటికీ. వచ్చిన రోజున నేను మిమ్మల్ని చూడకముందే, వార్డు గుమ్మంలో పుష్పలతగారు నా పేరైనా అడగకుండా, "బుల్లెమ్మగారి మరదలేనా?" అంటూ ముందు నా బొడ్డు తడిమి చూసింది. భోజనం వేళకి నా పక్కనుంచి కదలదు. మీ పుణ్యమా అని ఇక్కడ ఎవరికీ తెలియని ఆచారం ఒకటి ఈ వార్డులో మొదలైంది.

ఎదురుగా ఉన్న మంచం మీదికి నిన్న ఒక ఆవిడ వచ్చింది. ఈసారి నిజంగానే ఎదురుగా ఉంది వదినగారూ, గోడ కాదు. విశాఖపట్నం వైపు నుంచి, సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చింది. ఆమెకీ అంగిట్లోనే. నా నోట్లో పెడుతున్న రేకునీ పట్టకారునీ చూసి గోడ వైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. కాసేపటికి ఇటు తిరిగి, "నొప్పెడతాదా అమ్మా?" అని అడిగింది. నాకు మాట్లాడడానికి లేదు. పలక మీద రాసి చూపిస్తే ఆమెకి చదువు రాదు. అన్నం వేళ దాకా ఆమె అలా నన్నే చూస్తూ ఉంది, నేను ఆమెనే చూస్తూ ఉన్నాను.

రేకు తీయగానే మీ ఏప్రిల్ ఉత్తరం తీసి ముందు మీరిచ్చిన జవాబులు, తరవాత మొదటి నుంచీ తక్కినదంతా చదివి వినిపించాను. ముక్క గిల్లితే చీమ కుట్టినట్టుంటుందన్న దగ్గర ఆమె నన్ను మళ్లీ చదవమంది. అన్నం అట్టముక్కలా ఉంటుందన్న దగ్గర తల ఊపింది. బంగారు రేకు మీ దగ్గర పడుకున్న చోటికి వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. పుష్పలతగారు కూడా నవ్వుతూనే ఉంది.

తరవాత ఆవిడ తన బొడ్లోంచి సగం కాలిన చుట్ట తీసి, పుష్పలతగారి పళ్లెంలో పెట్టింది.

మీ మరదలు,
గంగారత్నం.